పిల్లలు ముట్టుకునే మ్యూజియం

మ్యూజియం అనగానే మనకు అద్దాల బీరువాలూ, 'ముట్టరాదు' అనే బోర్డులూ గుర్తుకొస్తాయి. పిల్లలను తీసుకుపోతే వాళ్ళ చేతులు పట్టుకు లాగడంతోనే మన పొద్దు గడిచిపోతుంది. అమెరికాలోని బ్రూక్లిన్‌లో 1899లోనే పిల్లలకంటూ విడిగా ఒక మ్యూజియం పెట్టారు. మన దేశంలో 1956లో నెహ్రూగారి చొరవతో ఢిల్లీలో బాలభవన్ వచ్చింది. రెంటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే, పిల్లలు చేత్తో చేసి నేర్చుకోవాలని.

ఢిల్లీ దాకా ఎందుకమ్మా! మన బోధన్‌లో ఒక బడి వరండా, నలుగురైదుగురు తల్లులు ఉంటే చాలు. అందులో ఏం పెడతామంటారా? నన్నడిగితే చక్కెర ఫ్యాక్టరీనే పెట్టమంటాను. 1931 నాటికి మంజీర మీద నిజాంసాగర్ కట్టడం పూర్తయింది. ఆ నీళ్ళతో చెరకు పండింది, 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. ఇవాళ ఒకటో తరగతి, రెండో తరగతి చదివే పిల్లలకు తాత అందులో పనిచేశాడన్న మాట తెలుసు గాని, చెరకు చక్కెర ఎట్లా అవుతుందో తెలియదు. చెప్పగలిగిన తాతలు ఇంకా మన మధ్యనే ఉన్నారు.

ముందు పళ్ళాలు వరసగా పెట్టండి: చెరకు ముక్కలు, రసం, పిప్పి, సున్నం, మడ్డి, చక్కెర. రసం మటుకు ఏ పూటకాపూట తెప్పించాలి, లేకపోతే పులుస్తుంది. రసంలో సున్నం కలిపి కాస్తే మురికి విడిపోతుందనీ, పిప్పినే బాయిలర్‌లో మండిస్తారనీ చూపిస్తూ చెప్పాలి. సున్నం పళ్ళెం మాత్రం పిల్లల చేతికందకుండా ఉంచండి, కళ్ళకు మంచిది కాదు.

మడ్డి నుంచి చక్కెర పలుకులు ఎట్లా వేరవుతాయన్నది మాటల్లో చెబితే ఎక్కదు. ఒక డబ్బాకు చుట్టూ మేకుతో బెజ్జాలు పొడవండి. పదును అంచులు సుత్తితో అణచండి. అందులో తడిగుడ్డ పెట్టి, తాడుతో వేలాడదీసి, తాడు బాగా పురి పెట్టి వదలండి. గిర్రున తిరిగి నీళ్ళన్నీ బయటికి చిమ్ముతాయి, గుడ్డ లోపలే ఉంటుంది. ఫ్యాక్టరీలో మడ్డి పోయి పలుకులు మిగిలేదీ ఇట్లాగే. ఇది కింద పెద్ద తొట్టి పెట్టి ఆడించండి, లేదంటే వరండా తుడవలేక మీ నడుములు పోతాయి!

ఇక నాటకం. చేర్యాలలో మాస్కులు చేసే పద్ధతి మన వంటింటికి దగ్గరిదే. చింతగింజలు వేయించి, పైతోలు తీసి, రాత్రంతా నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే జిగురొస్తుంది. అందులో సన్నని రంపపు పొట్టు కలిపి చపాతీ పిండిలా పిసకాలి. సగం కొబ్బరి చిప్ప మీద అద్ది, ముక్కూ పెదవులూ చేత్తో తీర్చాలి. నీడన నిదానంగా ఆరనివ్వండి. ఎండలో పెడితే బీటలిస్తుంది. ఆరాక తెల్లరంగు పూసి, పైన రంగులు వేస్తే రైతూ, బండివాడూ, ఫ్యాక్టరీ కార్మికుడూ తయారు. చిప్ప చిన్నది గనక మొహానికి కట్టుకోరు. పుల్లకు గుచ్చి చేత్తో ఆడిస్తారు.

ఫ్యాక్టరీ లోపలి సంగతులు మాత్రం నీడలతోనే బాగుంటాయి. రెండు స్తంభాల మధ్య తెల్ల ధోవతి బిగించి కట్టి, వెనక ఒక్క చిన్న బల్బు పెట్టండి. ట్యూబులైటుకు నీడ సరిగా పడదు. రెండు అప్పడాల కర్రలు ఎదురెదురుగా తిప్పితే అవే రోలర్లు! అట్టతో చెరకు గడలు కత్తిరించి మధ్యలోంచి దూర్చాలి. బొమ్మ తెరకు ఆనించి పడితే నీడ స్పష్టంగా ఉంటుంది, దీపం వైపు జరిపితే పెద్దదై చెదురుతుంది. ఈ సంగతి మీరు చెప్పకండి, పిల్లలే కనిపెట్టనివ్వండి. తోలుబొమ్మలకున్నట్టు రంగు కావాలంటే, రంగులు వేసిన కాగితానికి కాస్త నూనె రాస్తే వెలుతురు అందులోంచి వస్తుంది.

మాటలు మనం రాసివ్వద్దు. పిల్లలను తాతల దగ్గరికి పంపి అడిగి తెలుసుకు రమ్మనండి. ఆట రోజు ఆ తాతలకే ముందు వరసలో కుర్చీలు వేయండి. ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది వాళ్ళే మధ్యలో లేచి చెబుతారు, పిల్లలు మర్నాటి ఆటకు సరిచేసుకుంటారు.