సాఫ్ట్‌వేర్ రెయిడ్ - ప్రారంభ లోపాలు

సాఫ్ట్‌వేర్ రెయిడ్ అనగా ప్రత్యేకమైన కంట్రోలరు కార్డు లేకుండా ఆపరేటింగ్ సిస్టమే రెండు లేక అంతకు మించిన హార్డ్ డిస్కులను కలిపి ఒకే డిస్కుగా చూపే పద్ధతి. రెయిడ్ అన్న పేరు 1988లో డేవిడ్ పాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కాట్జ్ ప్రచురించిన పరిశోధనా పత్రంతో ప్రసిద్ధమైంది. లినక్స్‌లో ఈ పనిని కెర్నెల్‌లోని ఎండీ డ్రైవరు చేస్తుంది. దానిని నడిపే ఉపకరణం ఎండీఅడ్మ్.

కంప్యూటరు మొదలయ్యేటప్పుడు

మూల ఫైలు వ్యవస్థ కూడా రెయిడ్ శ్రేణిపైనే ఉన్నచో ఒక చిక్కు కలదు. శ్రేణిని తెరిచే ప్రోగ్రాము ఆ శ్రేణిలోనే ఉంటుంది. పెట్టె తాళంచెవి పెట్టెలోనే ఉండిపోయినట్లు. అందుచేత బూట్ లోడరు ముందుగా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక వ్యవస్థను మెమరీలోకి ఎక్కిస్తుంది. అందులోని ఎండీఅడ్మ్ ప్రతి డిస్కులోని సూపర్ బ్లాకును చదివి శ్రేణిని కూర్చుతుంది. శ్రేణి గుర్తింపు సంఖ్య, ఆ డిస్కు స్థానం, ఎన్ని మార్పులు జరిగినవో తెలిపే ఘటనల లెక్క ఈ సూపర్ బ్లాకులో ఉంటాయి.

సాధారణ లోపాలు

ఎండీ0 అని పేరు పెట్టిన శ్రేణి ఎండీ127గా కనిపించడం తరచుగా జరుగుతుంది. దీనితో సమాచారానికి హాని లేదు. అమరిక ఫైలులో శ్రేణి వివరాలు లేకపోవడం, లేదా ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌లో ఆ ఫైలు పాత నకలు మిగిలిపోవడం ఇందుకు కారణం. ఫైలును సరిదిద్దినంత మాత్రాన చాలదు, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తిరిగి తయారుచేయాలి. చాలామంది మరచేది ఈ రెండవ పనినే. కెర్నెల్ తనంతట తానే శ్రేణిని గుర్తించే పాత పద్ధతి 0.90 రకపు సూపర్ బ్లాకులకే వర్తిస్తుంది, 1.2 రకానికి పనిచేయదు.

డిస్కు కనిపించనప్పుడు

ప్రాక్ డైరెక్టరీలోని ఎండీస్టాట్ ఫైలులో పనిచేసే ప్రతి డిస్కుకు ఒక యూ అక్షరం, లేని డిస్కు స్థానంలో అడ్డగీత కనిపిస్తాయి. రెయిడ్ 1లో ఒక డిస్కు పోయినా రెండవదానితో శ్రేణి నడుస్తుంది. రెయిడ్ 5లో రెండు డిస్కులు ఒకేసారి తప్పిపోతే నడవదు. అయితే అవి నిజంగా చెడిపోయినవో, కేబులు వదులైనదో ముందు చూడాలి.

ఈ దశలో కంగారుపడి క్రియేట్ ఆదేశం ఇచ్చి సమాచారం పోగొట్టుకున్నవారు కలరు. అది ఉన్న శ్రేణిని తెరవదు, కొత్తదానిని సృష్టిస్తుంది. పాత సూపర్ బ్లాకులు చెరిగిపోతాయి. డిస్కుల వరుస గాని, ముక్క పరిమాణం గాని, సమాచారం మొదలయ్యే స్థానం గాని తప్పితే రెయిడ్ 5లో వెంటనే మొదలయ్యే పునర్నిర్మాణం అసలు సమాచారంపైనే వ్రాయగలదు. ఇవ్వవలసినది అసెంబుల్ ఆదేశం. అంతకుముందు ఎగ్జామిన్ ఆదేశంతో ప్రతి డిస్కు ఘటనల లెక్కను కాగితంపై వ్రాసుకోవాలి. తేడా స్వల్పమైతే ఫోర్స్ ఎంపికతో శ్రేణి చాలావరకు తెరుచుకుంటుంది. తేడా ఎక్కువైన డిస్కులోనిది పాత సమాచారం. వీలైతే ముందే డిస్కులకు నకళ్ళు తీసి, ప్రయోగాలు వాటిపై చేయాలి.

శ్రేణి క్షేమంగానే ఉన్నా కంప్యూటరు మొదలుకాని సందర్భం మరొకటి కలదు. గ్రబ్ బూట్ లోడరును మొదటి డిస్కులో మాత్రమే స్థాపించి, ఆ డిస్కే పోయినప్పుడు ఇలా జరుగుతుంది. గ్రబ్‌ను రెండు డిస్కులలోనూ స్థాపించుకోవాలి.