మీకు తెలుసా? బకెట్లో కూడికలు, తీసివేతలు

మరిగే నీళ్లు 100 డిగ్రీలు, కుళాయి నీళ్లు 30 డిగ్రీలు. సగం సగం కలిపితే 65 డిగ్రీలు. ఒళ్లు కాలిపోతుంది! స్నానానికి హాయిగా 40 డిగ్రీలు కావాలంటే ఒక చెంబు మరిగే నీళ్లకు ఆరు చెంబుల చన్నీళ్లు పట్టాలి. చలికి కుళాయి నీళ్లు 20 డిగ్రీలకు దిగితే మూడు చెంబులే చాలు. (బకెట్టూ గాలీ కొంత వేడిని లాగేసుకుంటాయి కాబట్టి చన్నీళ్లు ఇంకాస్త తగ్గించినా ఫరవాలేదు.)

ఈ లెక్కకు సూత్రం కట్టింది సెయింట్ పీటర్స్‌బర్గ్ శాస్త్రవేత్త జార్జ్ రిచ్‌మన్. 1753లో ఉరుములు మెరుపుల వేళ విద్యుత్తు మీద ప్రయోగం చేస్తూ పిడుగుపాటుకు ప్రాణాలు పోగొట్టుకున్నారు, పాపం.

ఐసు దగ్గర మాత్రం ఈ సూత్రం ఒక్కటే సరిపోదు. 80 డిగ్రీల నీళ్లు కిలో, సున్నా డిగ్రీల ఐసు కిలో కలపండి. 40 రావాలి కదా? వచ్చేది దాదాపు సున్నా! వేడంతా ఐసు కరగడానికే ఖర్చయిపోతుంది. స్కాట్లాండ్‌లో జోసెఫ్ బ్లాక్ 1760ల్లో ఈ కిటుకును తేల్చి చెప్పారు. అదే గుప్తోష్ణం.

మళ్లీ బకెట్ దగ్గరికొస్తే, పసిబిడ్డ స్నానానికి ముందుగా చన్నీళ్లు పోసి, ఆ తర్వాతే వేణ్ణీళ్లు కలపండి. మోచేత్తో వేడి చూశాకే బిడ్డకు పోయండి.