పిల్లవాడిది మొండితనమా, వ్యాధి లక్షణమా?

"సారూ, మా పిలగానికి సరస్వతీ లేహ్యం రాయుండ్రి, బుద్ధి కుదురుతది" అని అడిగే తల్లిదండ్రులు కరీంనగర్‌లోని నా వైద్యశాలకు తరచుగా వస్తుంటారు. పిల్లవాడు ఒకచోట కూర్చోడు, పిలిస్తే పలుకడు, తోటి పిల్లలను కొరుకుతాడు, బడి నుండి రోజూ ఫిర్యాదే. లేహ్యం వ్రాసి ఇవ్వడం నాకు నిమిషం పని. కాని దుష్ప్రవర్తన అనేది రోగం పేరు కాదు. జ్వరం వలె అది ఒక లక్షణం. ముందు రోగపరీక్ష, ఆ తరువాతనే ఔషధం అని చరకుడే నిర్దేశించాడు. కనుక మొదట పరీక్ష చేయించి రండని చెబుతాను. ఈ మాట కొందరికి రుచించదు.

జగిత్యాల వైపు నుండి ఆరేళ్ల బాలుణ్ణి తీసుకొని వచ్చారు. చెప్పిన మాట వినడు, అరుస్తాడు, అలుగుతాడు. "వాళ్ల నాయిన సుత చిన్నప్పుడు గిట్లనే ఉండె" అని నాయనమ్మ తేల్చివేసింది. నేను గమనించినది వేరు. తల్లి ఎదురుగా నిలబడి చెబితే చేస్తున్నాడు, వెనుక నుండి చెబితే కదలడం లేదు. రాత్రి నోరు తెరచి గురకపెట్టి నిద్రపోతాడని అడిగితే తెలిసింది. చెవి, ముక్కు, గొంతు నిపుణుని వద్దకు పంపించాను. అడినాయిడ్స్ పెరిగి, రెండు మధ్యచెవులలోనూ నీరు నిలిచి వినికిడి తగ్గిందని తేలింది. చికిత్స జరిగిన కొన్ని నెలలకు ఆ 'మొండితనం' చాలావరకు పోయింది. అప్పటికి రెండేళ్లుగా ఆ పసివాడు బడిలో దెబ్బలు తింటున్నాడు. ఏ లేహ్యమూ ఆ చెవులలోని నీటిని తీసివేయలేదు.

చదువుతూ చదువుతూ పదిపదిహేను సెకండ్లు శూన్యంలోకి చూస్తూ ఆగిపోయి, ఏమీ జరగనట్లు మరల మొదలుపెట్టే పిల్లలుంటారు. ఇది పరధ్యానం కావచ్చును, మూర్ఛలో ఒక రకమూ కావచ్చును. అటువంటప్పుడు ఇ.ఇ.జి. పరీక్ష అవసరమవుతుంది. రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి కూడ పిల్లల స్వభావాన్ని మార్చివేస్తాయి. అందుచేత మానసిక నిపుణుని కంటె ముందు పిల్లల వైద్యునికి చూపించడం మేలు.

ఎంతవరకు వేచి చూడవచ్చును? ఏడాది నిండినా పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడకపోవడం, కావలసిన వస్తువును వ్రేలితో చూపించకపోవడం, 16 నెలలకు ఒక్క మాటయినా రాకపోవడం, రెండేళ్లకు రెండు మాటలు కలిపి పలుకకపోవడం, ఇవి ఉంటే ఆగవద్దు. వచ్చిన మాటలు పోవడం ఏ వయస్సులోనైనా ప్రమాద సూచనే. "మగపిల్లలకు మాట ఆలస్యం" అన్న సామెతలాంటి ఓదార్పుతో మూడేళ్లు, నాలుగేళ్లు గడిపివేస్తారు. మెదడు వేగంగా ఎదిగే కాలం అదే. అతిచంచలత విషయంలో మరొక కొలత ఉన్నది. ఆ లక్షణాలు కనీసం ఆరు నెలలుగా, ఇంట్లోనూ బడిలోనూ కూడ కనిపించవలెను. బడిలో మాత్రమే అల్లరి చేస్తే ముందు బడినే పరిశీలించండి. చక్కగా ఉన్న పిల్ల హఠాత్తుగా ముడుచుకొనిపోయినా, ఒకరిని చూసి భయపడినా, ఎవరైనా హింసిస్తున్నారేమోనని నెమ్మదిగా అడగండి. ఇటువంటి సందర్భంలో 1098 నంబరు గుర్తుంచుకొనవలెను. చచ్చిపోతానని పిల్లలు అంటే బెదిరింపు అనుకొనక ఆనాడే వైద్యునికి చూపించవలెను.

మన ప్రాంతంలో ఇటువంటి పిల్లలకు తాయెత్తు కట్టించడం, కొండగట్టు అంజన్న సన్నిధిలో మండలం రోజులు ఉంచడం పాత ఆచారం. భక్తిని నేను కాదనను. దర్శనం చేసుకొని రండి, కాని ఆ 40 రోజులు వైద్య పరీక్షకు అడ్డు కాకూడదు, మూర్ఛకు వాడుతున్న మాత్రలు ఒక్క పూట కూడ మానకూడదు. 'గాలి సోకింది' అనేవారు ఆయుర్వేదంలోని బాలగ్రహాలను సాక్ష్యంగా తెస్తారు. సుశ్రుతుడు తొమ్మిది గ్రహాలను వర్ణించిన మాట నిజమే. అందులో స్కందాపస్మారానికి చెప్పిన స్పృహ తప్పడం, నోట నురుగు రావడం చదివితే నేటి మూర్ఛయే కళ్లముందు నిలుస్తుంది. చరకుడైతే పిల్లవాడు ఏడ్చినా, తినకపోయినా రాక్షసుల పేర్లు, పిశాచాల పేర్లు చెప్పి భయపెట్టరాదని శారీరస్థానంలో స్పష్టంగా హెచ్చరించాడు. బూచాడు వస్తాడని అన్నం తినిపించే మన ఇండ్లలో ఈ సంగతి ఎందరికి తెలుసు?

ఎక్కడికి వెళ్లవలెను? 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షిస్తాయి. ఎదుగుదల లోపాలను గుర్తించడం కూడ వారి పనే. మన మధ్యతరగతి పిల్లలు ప్రైవేటు బడులలో ఉండి ఆ బృందాల కంట పడరు. కాబట్టి మనమే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి, సత్వర చికిత్సా కేంద్రం గురించి అడుగవలెను. ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉన్నది, కరీంనగర్‌లో వైద్య కళాశాలల ఆసుపత్రులున్నవి. లోతైన పరీక్షకు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ సంస్థ ఉన్నది. 1984లో స్థాపించిన ఆ సంస్థయే ఆటిజంను కొలిచే భారతీయ ప్రశ్నావళిని తయారుచేసింది. ఆదిలాబాద్ నుండి అది సుమారు 300 కిలోమీటర్ల ప్రయాణం, పసిపిల్లతో సులభం కాదు. బయలుదేరే ముందు సలహా కావలెనంటే టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చును. ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నిపుణుడు ఒక్కసారి చూసి పేరు పెట్టివేయడు. కాన్పు ఎట్లా జరిగింది, పుట్టగానే ఏడ్చినాడా, మెడ ఎప్పుడు నిలిపినాడు, ఎప్పుడు నడిచినాడు అని అడుగుతాడు. పిల్లవాడు ఆడుకొంటుంటే చూస్తాడు, వినికిడి పరీక్ష, తెలివితేటల పరీక్ష వ్రాయిస్తాడు. రెండు మూడు సార్లు తిరుగవలసి రావచ్చును. ముందు రెండు వారాలపాటు ఒక నోటుబుక్కులో ఏ గంటకు ఏమి జరిగింది, దానికి ముందు ఏమయింది, ఎంతసేపటికి చల్లబడినాడు అన్నది వ్రాసి ఉంచండి. ఫోనులో తీసిన చిన్న వీడియో, కాన్పు కాగితాలు, బడి నోటుపుస్తకాలు, టీచరు వ్రాసిన చీటీ తీసుకొని వెళ్లండి. రోజంతా దగ్గర ఉండేది నాయనమ్మ అయితే ఆమెనూ వెంట తీసుకొనిపోవలెను. "సూది వేయిస్తా" అని పిల్లవాణ్ణి బెదిరించి తీసుకొనిపోతే అక్కడ అతని అసలు స్వభావం కనిపించదు.

ఈలోగా ఇంట్లో నువ్వులనూనెతో మర్దన, వేళకు నిద్ర, ఫోను దూరంగా ఉంచడం నిరభ్యంతరంగా చేయవచ్చును. వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాట వస్తుందన్న నమ్మకం బలంగా ఉన్నది. చెవి వినని బిడ్డకు, ఆటిజం ఉన్న బిడ్డకు అది మాట తెప్పించదు. ఊరు పేరు లేని భస్మాలు, సీసం కలిసిన కాటుక అసలే వద్దు. సీసం పిల్లల మెదడునే దెబ్బతీస్తుంది.

ఆడపిల్ల అయితే పెండ్లి సంబంధాలు చెడుతాయని దాచేవారున్నారు. వైద్యుని వద్ద చెప్పిన విషయం గోప్యంగా ఉంచడం 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం రోగి హక్కు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం, అభ్యసన లోపాలు చేరినవి. ధ్రువపత్రం ఉంటే పరీక్షలలో అదనపు సమయం వంటి సౌకర్యాలు పొందవచ్చును. పరీక్షలో ఏ లోపమూ లేదని తేలినా, మీ అనుమానం తీరకపోతే ఆరు నెలల తరువాత అదే నోటుబుక్కుతో మరొకసారి చూపించండి.