కురుసుర జలాంతర్గామి: చిన్న బృందంగా చూడవలసిన యుద్ధ స్మారకం

హైదరాబాద్ నగరంలోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్ నగర్ ప్రాంతాలు విద్యార్థులకు, ఉద్యోగార్థులకు నెలవు. నగర కేంద్ర గ్రంథాలయంలో గంటల తరబడి పుస్తకాలతో కుస్తీ పట్టే అభ్యర్థులకు 1971 భారత్–పాకిస్తాన్ యుద్ధం ఒక పాఠ్యాంశం. ఆ ప్రక్కనే ఉన్న ఆర్టీసీ క్రాస్ రోడ్స్ సినిమా హాళ్ళ ప్రేక్షకులలో అనేకులకు అదే యుద్ధం 2017లో విడుదలైన "ఘాజీ" చలనచిత్రం ద్వారా పరిచయం. హుస్సేన్ సాగర్ తప్ప మరో పెద్ద జలరాశి కనుచూపు మేరలో లేని ఈ ప్రాంతవాసులు సముద్ర యుద్ధం అంటే ఏమిటో కళ్ళారా చూడదలిస్తే ఒక రాత్రి రైలు ప్రయాణం చాలు. సాయంత్రం హైదరాబాద్ లో గోదావరి ఎక్స్ ప్రెస్ ఎక్కిన వారు మరునాటి ఉదయానికి విశాఖపట్నం చేరుకుంటారు. అక్కడి రామకృష్ణా బీచ్ లో ఐ.ఎన్.ఎస్. కురుసుర జలాంతర్గామి మ్యూజియం కలదు. ఆ యుద్ధకాలంలో గస్తీ తిరిగిన జలాంతర్గామి లోపలికి వెళ్ళి, దానిని ఈ చివర నుండి ఆ చివర వరకు నడిచి చూసే అవకాశం అక్కడ సామాన్య ప్రజలకు లభిస్తున్నది.

ఈ జలాంతర్గామిని గురించి ఒక పొరపాటు అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. విశాఖ తీరంలో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచినది కురుసురయే అని కొందరు భావిస్తూ ఉంటారు. ఘాజీ మునిగినది విశాఖలో, కురుసుర ఉన్నదీ విశాఖలోనే కనుక ఈ రెండింటినీ ముడిపెట్టడం సహజమే. పైగా చలనచిత్రంలో ఎస్-21 అనే భారత జలాంతర్గామి ఘాజీని ఎదుర్కొన్నట్లు కథ కల్పించారు. వాస్తవం వేరు. 1971 నవంబర్ లో కురుసుర దేశానికి అటువైపున, అరేబియా సముద్రంలో ఉన్నది. కమాండర్ అరుణ్ ఆడిట్టో నాయకత్వంలో గస్తీ నిర్వహించి, నవంబర్ 30న సోదర నౌక కరంజ్ ను సముద్రంలో కలుసుకొని, తాను సేకరించిన సమాచారాన్ని అందజేసి, డిసెంబర్ 4న బొంబాయి చేరుకున్నది. అంటే విశాఖ ఎదుట ఘాజీ మునిగిన తెల్లవారి ఈ నౌక పశ్చిమ తీరంలో రేవులోకి ప్రవేశించినదన్నమాట. ఆ గస్తీలో శత్రు నౌకను రూఢిగా గుర్తించనిదే ఆయుధం ప్రయోగించరాదని, వాణిజ్య నౌకల జోలికి ప్రత్యేక ఆజ్ఞ లేనిదే పోరాదని ఆదేశాలు ఉండేవి. ఒక్క టార్పెడో కూడా ప్రయోగించకుండా వారాల తరబడి నీటి అడుగున పొంచి ఉండి, చూసినది చూసినట్లు నివేదించడం జలాంతర్గామి విధుల్లో ప్రధానమైనది. చలనచిత్రానికి పనికిరాకపోవచ్చును గాని, కురుసుర గొప్పతనం అదే.

ఘాజీ కథ కూడా తెలుసుకోదగినది. అమెరికా నౌకాదళంలో "డయాబ్లో" పేరుతో పనిచేసి, 1960 దశకంలో పాకిస్తాన్ కు చేరిన ఈ జలాంతర్గామి 1971 నవంబర్ 14న కరాచీ నుండి బయలుదేరినది. విమాన వాహక నౌక విక్రాంత్ ను వేటాడడం, విశాఖ రేవు ముంగిట మైన్లు అమర్చడం దాని లక్ష్యాలు. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్ ను అండమాన్ దీవుల వైపు తరలించి, అది విశాఖ పరిసరాల్లోనే ఉన్నట్లు శత్రువు భ్రమపడేలా వైర్ లెస్ సందేశాలు పంపే ఏర్పాటు చేశారు. ఈ నాటకంలో విక్రాంత్ పాత్ర ధరించినది రెండవ ప్రపంచ యుద్ధ కాలం నాటి పాత విధ్వంసక నౌక రాజ్ పుత్. డిసెంబర్ 3వ తేదీ అర్ధరాత్రికి కాస్త ముందు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నాయకత్వంలో రేవు వదిలిన రాజ్ పుత్, నీటిలో అనుమానాస్పద కదలికను గమనించి డెప్త్ ఛార్జీలు వదిలినది. అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి తీరవాసులు భారీ విస్ఫోటన శబ్దం విన్నారు. తరువాత మత్స్యకారులకు దొరికిన శకలాలు, నౌకాదళ గజ ఈతగాళ్ళ పరిశీలన ఆ మునిగినది ఘాజీయేనని నిర్ధారించాయి. రాజ్ పుత్ దాడి వల్లనే ఘాజీ మునిగినదని భారత నౌకాదళం చెబుతుండగా, తన మైన్ల వల్లనో అంతర్గత ప్రమాదం వల్లనో మునిగినదని పాకిస్తాన్ వాదిస్తున్నది. పాత్రికేయులు ఈ అంశంపై వ్రాసేటప్పుడు రెండు వాదనలనూ పేర్కొనడం సమంజసం. కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్ తో సహా అందులోని వారెవరూ బ్రతికి బయటపడలేదు. ఆ శిథిలాలు నేటికీ విశాఖ ఎదుట సముద్ర గర్భంలోనే ఉన్నవి. 2024 ఫిబ్రవరిలో నౌకాదళానికి చెందిన లోతు జలాల రక్షణ వాహనం వాటి జాడను కనుగొన్నట్లు, మృతుల పట్ల గౌరవ సూచకంగా వాటిని కదిలించనట్లు వార్తలు వెలువడ్డాయి.

కురుసుర విషయానికి వస్తే, సోవియట్ యూనియన్ నుండి భారత్ పొందిన తొలి నాలుగు జలాంతర్గాములైన కల్వరి, ఖండేరి, కరంజ్, కురుసురలలో ఇది చివరిది. 1969 డిసెంబర్ 18న నౌకాదళంలో చేరి, 31 సంవత్సరాల సేవలో 73,500 నాటికల్ మైళ్ళు ప్రయాణించి, 2001 ఫిబ్రవరి 27న విధుల నుండి నిష్క్రమించినది. మామూలుగా ఇటువంటి నౌకలను ముక్కలు చేసి ఇనుము క్రింద అమ్మివేస్తారు. దీనిని తీరానికి లాగి, పునాదిపై నిలిపి మ్యూజియంగా మార్చాలన్న ఆలోచన అప్పటి తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ వి. పస్రిచాది. సుమారు 5.5 కోట్ల రూపాయల వ్యయంతో ఈ పని జరిగినది. 2002 ఆగస్టు 9న అప్పటి ముఖ్యమంత్రి శ్రీ ఎన్. చంద్రబాబు నాయుడు ప్రారంభించగా, అదే నెల 24 నుండి ప్రజలను అనుమతించడం జరిగినది. దక్షిణాసియాలో ఇదే మొదటి జలాంతర్గామి మ్యూజియం. విధుల నుండి నిష్క్రమించిన తరువాత కూడా జెండాలతో అలంకరించే గౌరవం దీనికి దక్కుతున్నది. ఇది సాధారణంగా పనిచేస్తున్న యుద్ధ నౌకలకే పరిమితమైన మర్యాద.

సందర్శన చిన్న బృందాలుగా ఎందుకు జరగాలో లోపలికి అడుగు పెట్టగానే అర్థమవుతుంది. 91.3 మీటర్ల పొడవు, సుమారు 8 మీటర్ల వెడల్పు గల ఈ నౌక బయటి నుండి చూసే వారికి విశాలంగానే తోస్తుంది. లోపల ఇరువైపులా పైపులు, కవాటాలు, మీటర్లు, విద్యుత్ తీగలు ఆక్రమించగా మధ్యలో మిగిలే దారి ఒక మనిషికి మాత్రమే సరిపోతుంది. నౌక ఏడు గదులుగా విభజింపబడి ఉన్నది. ఒక గదికీ మరొక గదికీ మధ్య గుండ్రని ద్వారం, దానికి దళసరి ఉక్కు తలుపు ఉంటాయి. తల వంచి, ఒక కాలు ముందు పెట్టి, ఒడుపుగా దూరవలసినదే. ఒక గదిలో నీరు చొరబడితే ఆ తలుపు మూసి మిగిలిన గదులను కాపాడుకోవాలి. మూసిన తలుపుకు అవతల సహచరులు ఉండవచ్చును. గైడు ఈ మాట చెప్పినప్పుడు ఆ ద్వారం దగ్గర నిలబడి వినడం వేరు, ముప్పై మంది వెనుక నుండి తోస్తుండగా దాటిపోవడం వేరు.

ముందు భాగంలో ఆరు, వెనుక భాగంలో నాలుగు టార్పెడో గొట్టాలు ఉన్నాయి. మొత్తం 22 టార్పెడోలు మోయగల నౌక ఇది. టార్పెడోల ప్రక్కనే నావికుల పడకలు కనిపిస్తాయి. అధికారుల గదులు, రేడియో గది, సోనార్ గది, పెరిస్కోపులు గల నియంత్రణ గది వరుసగా వస్తాయి. 75 మంది సిబ్బందికి వంట చేసిన గది మధ్యతరగతి ఇంటి వంటగది కన్నా చిన్నది. గైడులు సాధారణంగా సందర్శకుల చేత ఇక్కడ ఒక లెక్క వేయిస్తే బాగుంటుంది: ఇంతమందికి రోజుల తరబడి మూడు పూటలా భోజనం, కొలత ప్రకారం మంచినీరు, స్నానం అనేది విలాసం. అటు పిమ్మట మూడు డీజిల్ ఇంజన్లు, మూడు విద్యుత్ మోటార్లు గల గదులు. డీజిల్ ఇంజన్ కు గాలి కావాలి కనుక నీటి అడుగున నౌక బ్యాటరీలపై నడుస్తుంది. బ్యాటరీలు తరిగిపోయినప్పుడు పైకి వచ్చి, లేదా గాలి గొట్టాన్ని నీటిపైకి చాపి, ఇంజన్లు నడిపి వాటిని నింపుకోవాలి. జలాంతర్గామికి అన్నిటికన్నా ప్రమాదకరమైన సమయం అదే. ఈ ఒక్క విషయం అర్థమైన వారికి గస్తీ అంటే ఏమిటో సగం అర్థమైనట్లే.

ఈ వివరాలు గోడపై బోర్డులు చదివి గ్రహించేవి కావు. పదవీ విరమణ చేసిన నౌకాదళ సిబ్బందిని గైడులుగా నియమించడం ఈ మ్యూజియం ప్రత్యేకత. ఏ చక్రం త్రిప్పితే ఏమి జరుగుతుందో తమ వృత్తి అనుభవంతో వారు చెప్పగలరు. సెలవు దినాల్లో, పర్యాటక సీజన్ లో రద్దీ పెరిగినప్పుడు మాత్రం వరుస కదులుతూనే ఉంటుంది, వివరణ క్లుప్తమవుతుంది. ఇది గైడుల లోపం కాదు. యుద్ధం కొరకు నిర్మించిన ఉక్కు గొట్టంలో జనం పట్టే తీరు అంతే. నారాయణగూడ, పరిసరాల కళాశాలల నుండి విజ్ఞాన యాత్రలకు బయలుదేరే అధ్యాపకులు ఈ విషయాన్ని ముందుగా దృష్టిలో ఉంచుకొనవలసి ఉన్నది. ఒక తరగతి మొత్తాన్ని ఒకేసారి లోపలికి పంపే బదులు పది, పన్నెండు మంది చొప్పున విభజించి, మిగిలిన వారిని ఆ సమయంలో ఎదురుగా ఉన్న టి.యు-142 విమాన మ్యూజియానికి గాని, సమీపంలోని "విక్టరీ ఎట్ సీ" స్మారకానికి గాని తీసుకుని వెళ్ళవచ్చును. 1971 విజయానికి గుర్తుగా 1996లో నిర్మించిన ఆ స్మారకం వద్ద నౌకాదళ దినోత్సవమైన డిసెంబర్ 4న పుష్పగుచ్ఛాలు ఉంచి అమరులకు నివాళులు అర్పిస్తారు. ఆ నివాళికి అర్హులైన వారిలో పశ్చిమ సముద్రంలో డిసెంబర్ 9న మునిగిన ఐ.ఎన్.ఎస్. ఖుక్రీకి చెందిన 18 మంది అధికారులు, 176 మంది నావికులు ఉన్నారు. సెలవు తీసుకోకుండా నౌకతో పాటే మునిగిన కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా వారి నాయకుడు.

పత్రికా రంగం శ్రద్ధ వహించదగిన విషయం మరొకటి కలదు. కురుసుర వంటి సోవియట్ జలాంతర్గాములలో చివరిదైన ఐ.ఎన్.ఎస్. వాగ్లి 2010 డిసెంబర్ లో నిష్క్రమించినది. ఇకమీదట ఆ తరహా నౌకలో పనిచేసిన కొత్త నావికుడు పుట్టడు. యుద్ధకాలంలో ఇరవై ఏళ్ళ వయసు గల వారు నేడు డెబ్బయి దాటినవారు. 2017 నుండి నౌకాదళంలో చేరిన కొత్త తరం జలాంతర్గాములకు కల్వరి, ఖండేరి, కరంజ్ పేర్లు మళ్ళీ పెట్టారు. కురుసుర పేరు మాత్రం ఆ ఆరింటిలో దేనికీ రాలేదు. ఆ పేరు ప్రస్తుతం విశాఖ ఇసుక తీరంలోనే నిలిచి ఉన్నది. హైదరాబాద్ లోనూ, విశాఖలోనూ స్థిరపడిన పాత జలాంతర్గామి సిబ్బందిని కలిసి, వారి అనుభవాలను తెలుగులో నమోదు చేసే పనికి విలేకరులు, గ్రంథాలయాధికారులు, కళాశాలల చరిత్ర శాఖలు పూనుకొనవలసిన తరుణం ఇది. పుస్తకాల్లో నౌకల పేర్లు, తేదీలు దొరుకుతాయి. బ్యాటరీలు తరిగిపోతున్న రాత్రి నియంత్రణ గదిలో ఎవరు ఏమి మాట్లాడుకున్నారో దొరకదు.

సందర్శకులకు కొన్ని సూచనలు. మ్యూజియానికి సోమవారం సెలవు. సందర్శన వేళలు మారుతూ ఉంటాయి గనుక బయలుదేరే ముందు విశాఖపట్నం మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ నుండి తెలుసుకోవడం మంచిది. వీలైతే పనిదినాల్లో వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులు గల వృద్ధులు, ఇరుకు ప్రదేశాల్లో ఊపిరాడనట్లు భయపడే వారు గుండ్రని ద్వారాల సంగతి ముందే గైడుకు చెప్పాలి. చంటి పిల్లలను ఎత్తుకొని వాటిని దాటడం కష్టం. వీపున తగిలించుకొనే పెద్ద సంచులను బయటనే ఉంచాలి. లోపల కవాటాలను, మీటలను త్రిప్పరాదు. బృందంతో వెళ్ళే విద్యార్థులు ముందుగానే రెండు మూడు ప్రశ్నలు వ్రాసుకొని వెళ్ళి, నియంత్రణ గదిలో గైడు ఆగినప్పుడు అడగవచ్చును. ఘాజీని ముంచినది ఎవరు అన్నది అందులో మొదటి ప్రశ్న కావచ్చును. ఆ రోజున కురుసుర ఎక్కడ ఉన్నది అన్నది రెండవది.