స్పోర్ట్స్ కారునకు తేలిక ఫ్లైవీలు

కుమ్మరి తన సారెను కఱ్ఱతో గిఱ్ఱున త్రిప్పి విడుచును. కఱ్ఱ తీసిన పిదపకూడ సారె చాలసేపు తిరుగుచునే యుండును. ఆ వ్యవధిలోనే కుండ రూపు దిద్దుకొనును. త్రిప్పినపుడు పుచ్చుకొన్న శక్తిని బరువైన అంచు దాచుకొని, మెల్లమెల్లగా తిరిగి యిచ్చుటయే యిందలి రహస్యము. పాలమూరు సీమలో బావుల కడ ఆడిన ఆయిలింజనుల ప్రక్కనుండు పెద్ద ఇనుపచక్రము చేసిన పనియు ఇదే. మోటారు కారులో ఇంజనునకును క్లచ్చికిని నడుమనుండు ఫ్లైవీలు, అనగా గతిపాలక చక్రము, ఆ సారెకు తమ్ముడే.

ఒంటి సిలిండరు ఆయిలింజనులో రెండు చుట్లకు ఒక్కసారి మాత్రమే ఇంధనము మండి బలము పుట్టును. తక్కిన కాలమంతయు చక్రమే ఇంజనును త్రిప్పవలెను. కనుకనే దానికంత బరువు. నాలుగు సిలిండర్ల కారులో ప్రతి అరచుట్టునకు ఒక తోపు లభించును గాన చిన్న చక్రము చాలును. దానిని ఇంకను తేలిక చేసినచో కారు చురుకగునని స్పోర్ట్స్ కార్లు గల యువకులు ముచ్చటపడుదురు. ఆ మాటలో నిజమెంతయో చూతము.

ఇంజను బలము వీసమైనను పెరుగదు. ఇంజను తాను వేగము పుంజుకొనుటకు వెచ్చించు శక్తి మాత్రము తగ్గును. ఎంత బరువు తీసితిమనుటకంటె ఎక్కడ తీసితిమనునది ముఖ్యము. ఇరుసునుండి దూరము రెట్టింపైనచో అదే బరువు యొక్క జడత్వ భ్రామకము నాలుగు రెట్లగును. 1959లో వనపర్తి రాజభవనమున వెలసిన పాలిటెక్నిక్ విద్యార్థులకు ఈ సూత్రము పాఠమే. ఇరుసునకు 13 సెంటీమీటర్ల దూరమున 3 కిలోలు తీసివేసితిమనుకొందము. టైరు వ్యాసార్ధము 30 సెంటీమీటర్లు. మొదటి గేరులో ఇంజను 14 చుట్లకు టైరు ఒక చుట్టు తిరుగును. అప్పుడు కారు సుమారు 110 కిలోలు తగ్గినట్లే ముందుకు దుముకును. ఇంజను 4 చుట్లకు టైరు ఒక చుట్టు తిరుగు పైగేరులో ఆ లాభము 9 కిలోలే!

44వ జాతీయ రహదారిపై కొత్తకోట, పెబ్బేరుల మీదుగా బీచుపల్లి కృష్ణ వంతెనకు ఒకే వేగమున పోవువానికి ఆ తొమ్మిదియు అక్కఱకు రావు. వేగము మారనిదే చక్రము శక్తిని పుచ్చుకొనదు, ఈయదు. నాగర్‌కర్నూలు జిల్లాలో మన్ననూరు దాటి నల్లమల గుండా శ్రీశైలము పోవు మలుపుల దారిలో మాత్రము, గేరు దింపినపుడు ఇంజను వేగము తటాలున అందుకొనుట హాయిగనే యుండును. దిగుడులో ఇంజను నిలువరింపు తగ్గునని కొందఱి భయము. అది సరికాదు, ఆ నిలువరింపు సిలిండర్లలోని గాలి వలనను, రాపిడి వలనను కలుగును గాని చక్రము వలన కాదు. చిక్కెల్ల ఎత్తున ఆగి మరల బయలుదేరుటలోను, గద్వాల కోట చుట్టునుండు బజారులలో అంగుళమంగుళము జరుగుటలోను కలదు. తేలిక చక్రము గల ఇంజను ఊరకే ఆగిపోవును. ఆగకుండ యాక్సిలరేటరు నొక్కి క్లచ్చిని జార్చినచో క్లచ్చి ప్లేటు కాలును. నిలకడ వేగమున వణకును, గేరుపెట్టె గలగలయు సరేసరి. స్ప్రింగులతో కూడిన రెండు ముక్కల చక్రము కల కార్లలో, దానిని తీసి ఒంటి చక్రము బిగించినచో ఆ గలగల మఱింత వినవచ్చును.

అన్నిటికంటె భయపడవలసినది లేతు పని. ఖర్చు కలిసివచ్చునని పాత పోత ఇనుప చక్రమును చెక్కించి పలుచన చేయించువారున్నారు. నిమిషమునకు 3000 చుట్లనుండి 6000 చుట్లకు పోయినచో చక్రమును చీల్చు బలము నాలుగింతలగును. పోత ఇనుము నొక్కుడునకు ఓర్చును గాని సాగదీతకు ఓర్వదు. అది పగిలినచో ముక్కలు పై తొడుగును చీల్చుకొని వచ్చును. పెక్కు కార్లలో ఆ తొడుగు నడుపువాని పాదముల చెంతనే యుండును. ఈ ఒక్క విషయమున మేము రాజీ చెప్పజాలము.

వీధిలో నడుపు కారునకు ఫోర్జింగు చేసిన ఉక్కు చక్రమును, ఉన్నదానికంటె నాలుగవ వంతు తేలికైనదానిని ఎన్నుకొనుట మా దృష్టిలో చాలును. అల్యూమినియపు చక్రమునకు క్లచ్చి ఒరయుచోట ఉక్కు పలక తప్పక యుండవలెను. అది పందెపు బాటకే తగునని మా అభిప్రాయము. ఏది కొన్నను క్లచ్చితోకూడ తూకము సరిచూపించి, కొత్త బోల్టులతో, కారు తయారీదారు చెప్పిన బిగువున బిగింపించవలెను.