గట్టు దాటిన పరుగుకు లెక్క లేదు

క్రాస్‌కంట్రీ అంటే స్టేడియంలోని ట్రాకును వదిలి పచ్చిక మీద, మట్టిబాటల మీద, ఎగుడుదిగుడు నేల మీద కిలోమీటర్ల కొద్దీ సాగే పరుగుపందెం. ట్రాకు మీద లోపలి అంచు ఎప్పుడూ కంటికి కనిపిస్తూనే ఉంటుంది కనుక ఎవరు ఎంత దూరం పరుగెత్తారన్న ప్రశ్న అక్కడ అరుదుగా తలెత్తుతుంది. క్రాస్‌కంట్రీలో మాత్రం ఆ అంచును నిర్వాహకులు ప్రతి పోటీకీ సున్నంతో, రిబ్బన్లతో, కోన్లతో కొత్తగా గీయవలసి వస్తుంది, గీసినదాన్ని రన్నర్లు పాటించవలసి వస్తుంది. ఈ రెండింటిలో ఏది తప్పినా ఫలితం మీద తగవు మొదలవుతుంది. గుర్తించిన మార్గాన్ని విడిచి అడ్డదారిన పోయి దూరం తగ్గించుకోవడాన్ని క్రీడారంగంలో కోర్సు కటింగ్ అంటారు. దానికి శిక్ష అనర్హత, అంటే ఆ రన్నరు పేరును ఫలితాల పట్టిక నుంచే తొలగించడం.

కృష్ణా డెల్టా దిగువ భాగంలో ఈ నియమానికి ఎదురయ్యే పరీక్ష కొంత విలక్షణమైనది. మచిలీపట్నంలోని నోబుల్, హిందూ కళాశాలలు, గుడివాడలోని అక్కినేని నాగేశ్వరరావు కళాశాల, దివిసీమలో అవనిగడ్డ చుట్టుపక్కల చదివే విద్యార్థులు ఒకప్పుడు నాగార్జున విశ్వవిద్యాలయం పరిధిలో ఉండేవారు. 2008లో మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత దాని పరిధిలోకి వచ్చారు. కళాశాలల మధ్య జరిగే పోటీలలో రాణించినవారిని విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపిక చేసి, భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం ఆధ్వర్యంలో జరిగే అఖిల భారత అంతర విశ్వవిద్యాలయ పోటీలకు పంపడం ఆనవాయితీ. కాబట్టి ఊరి పొలిమేరలో జరిగిన పందెంలో ఒక మలుపు దగ్గర ఎవరో పదిమీటర్లు కోసుకుపోయినా, ఆ పదిమీటర్ల వల్ల న్యాయంగా జట్టులోకి రావలసిన మరొక విద్యార్థి ఇంటి దగ్గరే ఉండిపోయే ప్రమాదం ఉంది.

అంతర్జాతీయ అథ్లెటిక్స్ పాలక సంస్థ అయిన వరల్డ్ అథ్లెటిక్స్ తన సాంకేతిక నియమావళిలో 56వ నియమాన్ని క్రాస్‌కంట్రీకే కేటాయించింది. పందెపు మార్గం 1500 నుంచి 2000 మీటర్ల చుట్టుగా ఉండాలనీ, పెద్ద చుట్టులో మొత్తం మీద కనీసం 10 మీటర్ల ఎక్కుడు ఉండాలనీ, మార్గానికి రెండువైపులా టేపు కట్టాలనీ, లోతైన గుంటలూ దట్టమైన పొదలూ ప్రమాదకరమైన దిగుడులూ లేకుండా చూడాలనీ ఆ నియమావళి సూచిస్తుంది. నది యుగాల తరబడి మోసుకొచ్చి పరిచిన ఒండ్రు నేలలో 10 మీటర్ల ఎక్కుడు ఎక్కడ దొరుకుతుంది? పులిగడ్డ దగ్గర కృష్ణ చీలి రెండు పాయల మధ్య విడిచిపెట్టిన దివిసీమ సముద్రమట్టానికి ఎంత దగ్గరగా ఉందో 1977 నవంబరు 19 నాటి ఉప్పెన ఆ ప్రాంతానికి మరచిపోలేని విధంగా చూపింది. ఇక్కడ ఎత్తు అంటే కరకట్టే. కాలువగట్లు, రోడ్డు దిబ్బలు దాని తర్వాతివి. అందువల్ల డెల్టాలో క్రాస్‌కంట్రీ మార్గం వేసే పీడీలు, అంటే కళాశాలల వ్యాయామ విద్యా సంచాలకులు, కట్టను ఒకటికి నాలుగుసార్లు ఎక్కించి దింపడమో, ఎత్తు సంగతి పక్కనపెట్టి మట్టిబాటతో సరిపెట్టుకోవడమో చేయక తప్పదు. పల్లపు నేల కాళ్లకు సుఖమే కానీ నియమానికి కష్టం తెస్తుంది: కొండవాలు మీద అడ్డంగా పోవాలంటే శ్రమ పడాలి, అదే చదునైన పొలంలో అడ్డదారికి ఏ శ్రమా అక్కర్లేదు.

కోతలు అయిపోయి ఎండిన మాగాణిని మూలకు మూల దాటితే రెండు గట్ల దూరం ఒక్క పరుగులో తరిగిపోతుంది. కాలువగట్టు వెంట పోయి వెనక్కి వచ్చే మార్గమైతే, చివరన పెట్టిన కోను చుట్టూ తిరగకుండా దానికి ఇరవై అడుగుల ముందే వెనక్కి తిరిగినవాడిని పక్కన అంపైరు లేకపోతే పట్టుకునేవారే ఉండరు. చుట్లు ఎక్కువగా ఉన్న పందెంలో, వెనుకబడినవాడు ముందున్న గుంపులో కలిసిపోయి ఒక చుట్టు తక్కువగా ముగించడం మరో రకం. దీన్ని నివారించడానికే ప్రతి చుట్టుకూ చెస్ట్ నెంబర్లు రాసుకునే ల్యాప్ స్కోరర్లను నియమిస్తారు. వీటికి తోడు వర్షాకాలం చివరన, ఈశాన్య రుతుపవనాల రోజుల్లో, తడిసిన నల్లరేగడి బూట్లకు ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది కనుక బురద తప్పించుకోవడానికి రిబ్బను దాటి గరిక మీదికి పోయే అలవాటు చాలామందికి ఉంటుంది. అది అనర్హతకు తగిన తప్పేనా అన్నదానికి జవాబు నియమపు వాక్యంలోనే ఉంది, అయితే ఆ వాక్యాన్ని నిదానంగా చదవాలి.

అంపైరు నివేదిక వల్లగానీ మరో విధంగాగానీ, ఒక అథ్లెట్ గుర్తించిన మార్గాన్ని వదిలి, ఆ విధంగా పరుగెత్తవలసిన దూరాన్ని తగ్గించుకున్నట్టు రిఫరీకి నమ్మకం కుదిరితే ఆ అథ్లెట్‌ను అనర్హులుగా ప్రకటించాలి అన్నది దాని సారాంశం. ఇందులో రెండు షరతులు ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. మార్గం వదలడం ఒక్కటే చాలదు, దానివల్ల దూరం తగ్గాలి. బురదగుంటను బయటివైపు నుంచి చుట్టివచ్చిన రన్నరు నిజానికి ఎక్కువ దూరమే పరుగెత్తాడు కనుక ఈ నియమం అతన్ని తాకదు. మలుపు లోపలివైపు నుంచి గరిక మీద పోయినవాడిని తాకుతుంది. దారి తప్పినట్టు గ్రహించి, తప్పిన చోటికే తిరిగివచ్చి అక్కడి నుంచి మళ్లీ పరుగు సాగించిన రన్నరు కూడా కాలాన్ని పోగొట్టుకున్నాడే తప్ప దూరాన్ని తగ్గించుకోలేదు. ఈ చిన్న విషయాన్ని పందెం ముందు విద్యార్థులకు విడమరచి చెప్పే పీడీలు ఆ జట్టుకు ఎంతో మేలు చేసినవారవుతారు.

నియమంలో లేని మాట ఒకటుంది, అది ఉద్దేశం. మోసం చేయాలని పోయాడా, ముందున్నవాడిని గుడ్డిగా అనుసరించి పోయాడా అన్న విచారణకు అక్కడ చోటు లేదు. ఈ కాఠిన్యం భారత అథ్లెటిక్స్‌కు ట్రాకు మీద రెండుసార్లు చేదుగా అనుభవంలోకి వచ్చింది. 1986 సియోల్ ఆసియా క్రీడల్లో మహిళల 800 మీటర్ల పరుగులో షైనీ అబ్రహాం అందరికన్నా ముందు గీత దాటినా, తన లేనును విడిచి లోపలి లేనులోకి అనుమతించిన చోటికన్నా ముందే వచ్చిందన్న కారణంతో అనర్హురాలైంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో పురుషుల 10,000 మీటర్ల పరుగులో మూడో స్థానంలో వచ్చిన తమిళనాడు అథ్లెట్ గోవిందన్ లక్ష్మణన్, మరొకరిని దాటే ప్రయత్నంలో ట్రాకు లోపలి అంచుకు అవతల అడుగు వేసినందుకు కాంస్య పతకాన్ని పోగొట్టుకున్నాడు. భారత బృందం చేసుకున్న అప్పీలు కూడా నెగ్గలేదు. ఇద్దరిలో ఎవరూ దొంగచాటుగా పోలేదు, వేలమంది చూస్తుండగానే పరుగెత్తారు. 2021 చివరిలో వరల్డ్ అథ్లెటిక్స్ ట్రాకు నియమాన్ని కొంత సడలించి, వంపు దగ్గర ఒక్క అడుగు మాత్రమే గీత మీదగానీ లోపలగానీ పడి, దానివల్ల చెప్పుకోదగ్గ లాభం కలగకపోతే, ఇతరులకు అడ్డు రాకపోతే మొదటిసారికి వదిలిపెట్టవచ్చునని చేర్చింది. ఆ వెసులుబాటు ట్రాకుకే పరిమితం. క్రాస్‌కంట్రీకి ముందు నుంచీ దూరం తగ్గిందా లేదా అన్నదే కొలబద్ద.

ఇక నిర్ణయాధికారం ఎవరిదన్న విషయంలో ప్రేక్షకులకే కాదు, కొందరు శిక్షకులకూ పొరపాటు అభిప్రాయాలు ఉంటాయి. మలుపు దగ్గర నిలబడిన అంపైరు ఎవరినీ అనర్హులుగా ప్రకటించలేడు. తప్పు కంటపడితే పసుపు జెండా ఎత్తి, చెస్ట్ నెంబరుతో సహా జరిగినదాన్ని వెంటనే రాసి రిఫరీకి అందించడం వరకే అతని పని. తీర్పు రిఫరీది. నియమంలోని "మరో విధంగా" అన్న మాట వల్ల రిఫరీ వీడియోను చూడవచ్చు, ఇతర అధికారులు చెప్పినదీ వినవచ్చు, కానీ ఓడిన జట్టు శిక్షకుడు "మా కళ్లారా చూశాం" అన్నంత మాత్రాన పేరు కొట్టివేయవలసిన అవసరం లేదు. రన్నరు పక్కనే మోటారు సైకిలు మీద వస్తూ వేగం చెప్పే స్నేహితుల సంగతి వేరు: పోటీలో లేనివారు పక్కన సాగుతూ వేగాన్ని నిర్దేశించడం సహాయం కిందికి వస్తుంది, దానికి ప్రత్యేక నియమం ఉంది. కాలువగట్టు రోడ్ల మీద ఇది కోర్సు కటింగ్ కన్నా ఎక్కువగా జరిగే తప్పు కావచ్చు, అయినా దాన్ని తప్పుగా చూసేవారు తక్కువ. కిందపడిన రన్నరుకు లేచి నిలబడేందుకు చేయి అందించడం మాత్రం నిషిద్ధ సహాయం కాదు.

అందరూ కలిసి దారి తప్పితే ఏమిటన్న ప్రశ్నకు ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికా కళాశాల క్రీడల్లోనే ఉంది. 1993లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో జరిగిన ఎన్‌సీఏఏ రెండో డివిజన్ పురుషుల క్రాస్‌కంట్రీ పోటీలో 128 మంది రన్నర్లలో 123 మంది ఒక మలుపును గమనించక ముందుకు పోయారు. కొలరాడోకు చెందిన వెస్టర్న్ స్టేట్ కళాశాల విద్యార్థి మైక్ డెల్‌కావో మాత్రం సరైన దారిన తిరిగి, చేతులు ఊపుతూ మిగతావారిని పిలిచినా, అతని వెంట వచ్చినవారు నలుగురే. నియమాన్ని అక్షరాలా అమలు చేస్తే 123 మందిని తొలగించాలి. అధికారులు అందుకు సాహసించక తగ్గిన దూరాన్నే అధికారిక దూరంగా ఒప్పుకున్నారు, దాంతో పూర్తి దూరం పరుగెత్తిన డెల్‌కావోకు 103వ స్థానం దక్కింది. ఈ నిర్ణయాన్ని సమర్థించడం కష్టం. గుర్తులు సరిగా లేక గుంపు తప్పిపోతే శిక్ష గుంపుకు పడకూడదన్నది నిజమే, కానీ సరిగా పరుగెత్తిన అయిదుగురిని వెనక్కి నెట్టడం కన్నా పోటీని రద్దు చేసి మళ్లీ జరపడమే న్యాయం. అమెరికా పాఠశాల, కళాశాల పోటీల్లో ఎడమ మలుపుకు ఎర్రజెండా, కుడి మలుపుకు పసుపు జెండా, నేరుగా పోవడానికి నీలిజెండా నాటే పద్ధతి ఉంది. మన పోటీల్లో ఇలాంటి స్థిరమైన సంకేతం పెడితే, పుంతలూ బోదెగట్లూ అల్లుకుపోయిన డెల్టాలో ఏ దారి ఏదో తెలియని బయటి ఊరి విద్యార్థికి ఎంతో ఉపయోగం. కాకపోతే అంపైరు పసుపు జెండాతో కలగాపులగం కాకుండా కుడి మలుపుకు మరో రంగు ఎంచుకోవాలి.

ఒకరి అనర్హత జట్టు మొత్తాన్ని ఎలా కుదుపుతుందో తెలియాలంటే పాయింట్ల లెక్క చూడాలి. క్రాస్‌కంట్రీలో జట్టు స్కోరు అంటే లెక్కలోకి వచ్చే రన్నర్ల స్థానాల మొత్తం, తక్కువ వచ్చినవారే విజేతలు. ప్రపంచ పోటీల్లో ఆరుగురు పరుగెత్తితే నలుగురిని లెక్కిస్తారు. అమెరికా కళాశాలల్లో ఏడుగురిలో అయిదుగురిని. నలుగురి లెక్కన ఒక కళాశాలకు 2, 5, 9, 14 స్థానాలు వస్తే మొత్తం 30. రెండో కళాశాలకు 3, 6, 8, 15 వస్తే 32. మొదటి కళాశాలలో రెండో స్థానం పొందిన రన్నరు మలుపు కోసినట్టు తేలితే వెనుకవారంతా ఒక్కొక్క స్థానం ముందుకు జరుగుతారు, ఆ జట్టు తన అయిదో రన్నరును లెక్కలోకి తెచ్చుకోవాలి. అతడు 20వ స్థానంలో వచ్చి ఉంటే కొత్త లెక్క 4, 8, 13, 19, అంటే 44. రెండో కళాశాలది 2, 5, 7, 14 చొప్పున 28. రెండు పాయింట్ల గెలుపు పదహారు పాయింట్ల ఓటమిగా మారిపోయింది. లెక్కలోకి తెచ్చుకోవడానికి మరో రన్నరెవరూ పందెం పూర్తి చేసి ఉండకపోతే ఆ కళాశాలకు జట్టు స్థానమే ఉండదు.

కంటితో చూసే కాపలాకు యంత్రం తోడు రావడం ఇటీవలి మార్పు. 1980 బోస్టన్ మారథాన్‌లో మార్గంలో చివరి కొంత భాగమే పరుగెత్తి మహిళల విజేతగా గీత దాటిన రోజీ రూయిజ్‌ను కొద్ది రోజుల తర్వాత అనర్హురాలిగా ప్రకటించి జాక్వెలిన్ గరోకు విజయం ఇచ్చారు. ఇప్పుడు మార్గం మధ్యలో పరిచే చాపలు, రన్నరు దగ్గరున్న చిప్‌ను చదివి ఎవరు ఏ చోటును ఎప్పుడు దాటారో నమోదు చేస్తాయి. తెలుగు రాష్ట్రాల యువతకు ఈ సాంకేతికత కొత్త కాదు, పోలీసు ఉద్యోగాల పరుగు పరీక్షల్లో ఆర్‌ఎఫ్‌ఐడీ చిప్‌లు ఇప్పటికే వాడుతున్నారు. అయితే చాప ఉన్నచోట తప్ప చాపకు కళ్లు లేవు. రెండు చాపల మధ్య పొలానికి అడ్డంగా పోయినవాడి సంగతి దానికి తెలియదు కనుక, చివరి కోను దగ్గరా, దూరం ఎక్కువగా తగ్గే అవకాశమున్న మూలల దగ్గరా చాపనో మనిషినో పెట్టవలసిందే.

అనర్హుడిగా ప్రకటితుడైన విద్యార్థికి దారులు మూసుకుపోవు. ఫలితాన్ని అధికారికంగా ప్రకటించిన 30 నిమిషాల్లోగా అతడుగానీ అతని తరఫున జట్టు అధికారిగానీ రిఫరీకి నోటిమాటగా అభ్యంతరం చెప్పవచ్చు. రిఫరీ నిర్ణయం నచ్చకపోతే మరో 30 నిమిషాల్లోగా, జ్యూరీ ఆఫ్ అప్పీల్ అనే అప్పీళ్ల మండలికి సంతకం చేసిన వినతిపత్రాన్ని, అంతర్జాతీయ పోటీల్లో అయితే 100 డాలర్ల ధరావతుతో సహా ఇవ్వాలి, అప్పీలు వీగిపోతే ఆ సొమ్ము తిరిగి రాదు. ఈ గడియారాన్ని నిర్లక్ష్యం చేస్తే ఎంత బలమైన సాక్ష్యమైనా చెల్లదు. సకాలంలో అభ్యంతరం చెప్పడం ఎంత విలువైనదో, నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున పరుగెత్తిన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2023 అక్టోబరు 1న హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో చూపింది: 100 మీటర్ల హర్డిల్స్‌లో తుపాకీ మోగకముందే కదిలిన వూ యానితో పాటు తననూ తొలగించబోతే ఆమె అక్కడికక్కడే ప్రశ్నించింది, ఇద్దరినీ అభ్యంతరానికి లోబడి పరుగెత్తనిచ్చారు, పందెం తర్వాత వీడియోలు పరిశీలించి వూ యానిని అనర్హురాలిగా తేల్చడంతో మూడో స్థానంలో వచ్చిన జ్యోతికి రజతం దక్కింది. కాలువగట్టు మీది పోటీలో అన్ని కెమెరాలు ఉండవు కనుక అక్కడి అప్పీళ్ల మండలి ముందుకు వచ్చే ప్రధాన సాక్ష్యం మలుపు దగ్గరి అంపైరు రాసిన కాగితమే. అందులో చెస్ట్ నెంబరు, చోటు, ఎన్నో చుట్టు అన్నవి స్పష్టంగా లేకపోతే అనుమానపు లాభం రన్నరుకే చెందడం న్యాయం.