షెడ్డులో మిగిలిపోయిన బండి

తిరుపతిలో ఏ మెకానిక్ షెడ్డుకు పోయినా, మూలన దుమ్ముకొట్టుకొని, టైర్లు కూలబడిన బండి ఒకటి కనిపిస్తుంది. రేణిగుంట రోడ్డులో మా చిన్నాయన షెడ్డులోనూ అట్లాంటి కారు ఒకటుంది. వేలూరు నుంచి కొండకు వచ్చిన ఆసామి ఇంజను పని చేయించుకొని, డబ్బు తెస్తానని పోయి ఏడాదిన్నరైనా తిరిగి రాలేదు. సామాన్లకు చిన్నాయన చేతి డబ్బే పెట్టినాడు. "లా చదువుతుండావు గదా అబ్బోడా, దీన్ని అమ్మేసుకుంటే తప్పా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు సమాధానమే ఈ వ్యాసం.

మరమ్మతుకు బండి అప్పగించడాన్ని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 'బెయిల్‌మెంట్' అంటుంది. అనగా వస్తువు చేయి మారుతుందే గాని సొంతదారు మారడు. మామూలు వివేకం గలవాడు తన సొంత వస్తువును కాపాడుకున్నంత జాగ్రత్తగా దాన్ని కాపాడాలని 151వ సెక్షను చెబుతోంది. అదే చట్టంలోని 170వ సెక్షను మెకానిక్‌కు అండ. పని పూర్తి చేసినవాడు కూలి ముట్టేదాకా వస్తువును తనవద్దే ఉంచుకోవచ్చు. దీనికే 'లీన్' అని పేరు.

అయితే ఈ హక్కుకు హద్దులున్నాయి సుమా! బండిని చేజేతులా వదిలేస్తే లీన్ పోతుంది. పోయినసారి రిపేరు బాకీకి ఈసారి బండిని పట్టుకోకూడదు. అరువిచ్చినా చిక్కే. దర్జీ మూడు నెలల అరువుకు ఒప్పుకొని కోటు కుడితే, దాన్ని పట్టి ఉంచలేడని చట్టంలోనే ఉదాహరణ ఉంది. "నిదానంగా ఇద్దువులే అన్నా" అనే మన మొగమాటం ఇక్కడే కొంప ముంచుతుంది. ఇక స్థలం బాడుగ సంగతి. బాకీ కోసం ఓడను తన డాక్‌లో నిలిపిన మరమ్మతుదారుకు, నిలిపినందుకు బాడుగ రాదని 1860లో ఇంగ్లండు ప్రభువుల సభ తేల్చింది. ముందే రాసుకొని ఉంటే వేరు.

పట్టి ఉంచడం వేరు, అమ్మడం వేరు. కుదువ పట్టుకున్నవాడికి నోటీసిచ్చి అమ్మే హక్కును 176వ సెక్షను ఇచ్చింది, మెకానిక్‌కు ఇవ్వలేదు. ఇంగ్లండులో 1977 చట్టం ఆ వీలు కల్పించింది గాని మనకు అది వర్తించదు. సొంతానికి అమ్ముకుంటే నమ్మకద్రోహం కేసు, 2023 నాటి భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షను కింద, మెడకు చుట్టుకోవచ్చు.

మరి దారేది? మొదట ఆర్‌సీలోని చిరునామాకు, బండి మీద ఫైనాన్సు ఉంటే ఆ కంపెనీకి కూడా, బిల్లు జతచేసి, గడువు పెట్టి, అందిన రుజువు ఉండేలా నోటీసు పంపాలి. దొంగబండి అనే అనుమానం రాకుండా పోలీస్ స్టేషనులో రాతపూర్వకంగా తెలపడం మేలు. అప్పటికీ పలకకపోతే సివిల్ దావా. ఆసామి వేలూరులో ఉన్నా, పని జరిగింది తిరుపతిలో గనుక ఇక్కడి కోర్టులోనే వేయవచ్చు. గడువు పని ముగిసిన నాటినుంచి సాధారణంగా 3 ఏళ్ళు. బండి పాడైపోతోందని చూపితే, తీర్పుకు ముందే దాన్ని అమ్మించి సొమ్ము భద్రపరచమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు 6వ రూలు కింద అడగవచ్చు. ఆసామి దొరికితే, దావా లేకుండానే లోక్ అదాలత్‌లో రాజీ పడవచ్చు. ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం.

వీటన్నిటికన్నా చవకైన మందు జాబ్ కార్డు. అంచనా, అడ్వాన్సు, బండి తీసుకుపోవలసిన తేదీ, ఆపైన రోజు బాడుగ, ఇంకొకరి ఫోన్ నెంబరు రాసి, స్పానరు పట్టకముందే సంతకం తీసుకోవాలి.